రాప్టరా, పనికొచ్చే ట్రక్కా? ఇంట్లో తేలట్లేదు

రేగడి_గోపి
టెక్సస్‌లో, ఫ్రిస్కోలో ఉంటాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు. ఏడాదిలో ఆరు నెలలు అమ్మానాన్న కూడా ఇక్కడే. బండ్లు ఒక ఒడిస్సీ వ్యాను, ఒక పాత కామ్రీ కారు. కామ్రీ తీసేసి ట్రక్కు కొనడం వరకు ఖాయం. కిందటేడాది ఇంకో రెండు కుటుంబాలతో కలిసి ఇక్కడే గంటర్ అనే ఊరి దగ్గర 5 ఎకరాలు తీసుకున్నాం. బెండ, గోంగూర, దోస వేశాం. కంపోస్టు బస్తాలు, పైపులు, కంచె కర్రలు ఒడిస్సీలో మోసీ మోసీ మా ఆవిడ విసిగిపోయింది. పిల్లల సీట్ల కింద ఇప్పటికీ పేడ వాసన.

గొడవల్లా ఏ ట్రక్కు అన్న దగ్గరే. నాకు రాప్టర్ కావాలి, అంటే ఫోర్డ్ ఎఫ్-150 ట్రక్కులోనే గతుకుల దారుల కోసం చేసిన మోడల్. ఎం.ఎస్. చదివే రోజుల్లో గ్యాస్ స్టేషన్‌లో (పెట్రోలు బంకు) నా పక్కన నారింజ రంగుది ఒకటి ఆగింది. ఆ రోజు నుంచి మనసులో ఉండిపోయింది. ఇప్పుడు 38 వేల మైళ్లు తిరిగిన 2021 రాప్టర్ 58 వేల డాలర్లకి చూపిస్తున్నారు. మామూలు ఎఫ్-150లోనే పెట్రోలు, బ్యాటరీ కలిపి నడిచే కొత్త పవర్‌బూస్ట్ హైబ్రిడ్ 66 వేలు చెప్పారు. మా ఆవిడ ఈ రెండూ వద్దు, ఫోర్డ్ వాళ్ళ చిన్న ట్రక్కు మావరిక్ హైబ్రిడ్ చాలంటుంది. "పొలానికి పోవడానికి ఎడారిలో పరిగెత్తే బండెందుకు?" అని అడిగింది. జవాబు చెప్పలేకపోయా.

వాడినవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి.

అట్లాంటా_కిరణ్
రాప్టర్. ఆలోచించడానికేముంది?

లెక్కల_మాస్టారు
ఆలోచించడానికి చాలా ఉంది కిరణ్ గారూ. ఏడాదికి 12 వేల మైళ్లు అనుకుందాం. ఈపీఏ (ఇక్కడి ప్రభుత్వ సంస్థ) కంబైన్డ్ మైలేజీ, అంటే ఊళ్లో, హైవే మీద కలిపి గ్యాలన్‌కి వచ్చే మైళ్లు, రాప్టర్‌కి 16 దగ్గర, పవర్‌బూస్ట్‌కి 24 దగ్గర, మావరిక్ హైబ్రిడ్‌కి 37. గ్యాలన్ 3 డాలర్లు వేస్తే ఏడాది గ్యాసు 2,250, 1,500, 970 అవుతుంది.

అంటే రాప్టర్‌కీ పవర్‌బూస్ట్‌కీ నెలకి తేడా 62 డాలర్లు. కొనేటప్పుడే 8 వేలు తక్కువకి వస్తోంది కదా, ఆ డబ్బు పదేళ్ల గ్యాసు తేడాకి సరిపోతుంది. నేను రాప్టర్‌కి వ్యతిరేకంగా రాద్దామని మొదలుపెట్టాను, లెక్క ఇటు తిరిగింది.

ఒక్కటి మాత్రం చూసుకోండి. 38 వేల మైళ్లంటే 3 ఏళ్లు/36 వేల వారంటీ అయిపోయింది. ఇంజిన్, గేర్‌బాక్సులకి 5 ఏళ్లు/60 వేలు. బండి మొదట అమ్ముడైన తేదీ అడగండి, మోడల్ ఇయర్ చూసి మోసపోవద్దు.

హెల్‌క్యాట్_హర్ష
సరదా అంటే వీ8 ఇంజిన్ శబ్దం. రామ్ టీఆర్‌ఎక్స్ చూడు అన్నా, 702 హార్స్‌పవర్. ఈ 702 మోడల్‌ని 2024తో ఆపేశారు.

లెక్కల_మాస్టారు
హర్షా, దాని ఈపీఏ కంబైన్డ్ 12. వెయ్యి గ్యాలన్లు, అదీ ప్రీమియం. ఏడాదికి 3,500 దాటుతుంది. పిల్లలున్న ఇల్లు, పక్కన పొలం ఖర్చు కూడా ఉంది.

కేటీ_రావు
నాది 2018 రాప్టర్. ఆరేళ్లు, 71 వేల మైళ్లు. నేనూ ఇదే ప్రశ్నతో నాలుగు నెలలు కొట్టుకున్నా కాబట్టి కాస్త పెద్దగా రాస్తున్నా.

ముందు వెడల్పు. మామూలు ఎఫ్-150 కంటే రాప్టర్ దాదాపు 7 అంగుళాలు వెడల్పు, అద్దాలు కాకుండానే 87 అంగుళాల దగ్గర. ముందు గ్రిల్లులో మూడు చిన్న నారింజ లైట్లు కనిపిస్తాయి చూడండి, అవి సోకు కోసం పెట్టినవి కావు. 80 అంగుళాలు దాటిన బండికి ఇక్కడి ఫెడరల్ రూల్ ప్రకారం ఉండి తీరాలి, పెద్ద లారీలకి ఉన్నట్టే. ఇండియన్ స్టోర్ల ముందు పార్కింగ్‌లో రెండు గీతల మధ్య పెట్టాక తలుపు సగమే తెరుచుకుంటుంది. బియ్యం బస్తా భుజాన వేసుకుని ఆ సందులోంచి పక్కకి నడవాలి. ఇది వారం వారం ఉండేదే.

తర్వాత ఎత్తు. ఒక ఆస్పత్రి గ్యారేజీలో 6 అడుగుల 8 అంగుళాలు అని బోర్డు ఉంది, అంటే 80. బండి దానికి అంగుళంన్నరే తక్కువ. కిటికీ దించి, ఊపిరి బిగబట్టి పోనిచ్చా. కప్పు మీద యాంటెన్నా ఒక్కో దూలానికీ టిక్ టిక్ అని తగులుతూ వచ్చింది. మా ఆవిడకి అప్పుడు తొమ్మిదో నెల. అలాంటి రోజు ఆ శబ్దం వినాల్సింది కాదు. ఆ తర్వాత ఆస్పత్రికి ఎప్పుడూ కారులోనే వెళ్ళాం.

ఇక సరదా. చాలామంది వేగం అనుకుంటారు, అది కాదు. ఆ షాక్‌లు (షాక్ అబ్జార్బర్లు). గతుకుల రోడ్డులో మిగతా బండ్లు నెమ్మదించే చోట ఇది అలా తేలిపోతుంది. ఏటా ఒకసారి పాడ్రే ఐలాండ్ వెళ్తాం. అక్కడ సుమారు 60 మైళ్లు ఇసుక మీదే బండి నడపొచ్చు, మొదటి 5 మైళ్లు దాటితే ఫోర్ వీల్ డ్రైవ్ తప్పనిసరి. పొద్దున్నే ఆరింటికి ఎడమ పక్క సముద్రం, కుడి పక్క ఇసుక దిబ్బలు, వెనక సీట్లో పిల్లలు నిద్రమత్తులో. ఆరేళ్లలో నాకు గుర్తున్న మంచి రోజుల్లో సగం ఆ బండిలోవే. అమ్మమంటే అమ్మను.

హరిత_హ్యూస్టన్
రావు గారు చెప్పిన దాంట్లో ఒక మాట అందరూ పట్టించుకోవాలి, వేగం కాదని. నాది పవర్‌బూస్ట్. 430 హార్స్‌పవర్. 0 నుంచి గంటకి 60 మైళ్ల వేగానికి రాప్టర్‌కీ దీనికీ పెద్ద తేడా లేదు, రెండూ 5 సెకన్ల పైచిలుకే. మా బావగారి రాప్టర్ పక్కన పెట్టి చూశాం కూడా.

దీని విలువ నాకు 2024 జులైలో తెలిసింది. బెరిల్ తుఫాను వచ్చి హ్యూస్టన్‌లో 20 లక్షలకి పైగా ఇళ్లకి కరెంటు పోయింది, మాకు నాలుగు రోజులు రాలేదు. ట్రక్కు బెడ్‌లో (వెనక సామాను తొట్టి) 7.2 కిలోవాట్ల ప్లగ్గులున్నాయి. రెండు ఫ్రిజ్‌లు, ఒక విండో ఏసీ, వైఫై, పక్కింటి పెద్దాయన ఆక్సిజన్ మెషీన్. డ్రైవ్‌వే నుంచి వాళ్ళ కిటికీ దాకా నారింజ రంగు ఎక్స్‌టెన్షన్ వైరు. ఇంజిన్ తనంతట తను స్టార్టయి, కాసేపు నడిచి, ఆగేది. ఆ నాలుగు రాత్రులు నేను ఆ శబ్దం వింటూనే నిద్రపోయా.

మీ నాన్నగారికీ అమ్మగారికీ 40 డిగ్రీల ఎండలో ఏసీ లేకపోతే ఏం చేస్తారో ఆలోచించండి గోపి గారూ.

రేగడి_గోపి
హరిత గారూ, ఇది నా లెక్కలోనే లేదు. 2021 ఫిబ్రవరి మంచుకి మాకూ రెండు రోజులు కరెంటు లేదు. అప్పుడు పిల్లల్ని కామ్రీలో కూర్చోబెట్టి హీటరు వేశాను.

కేటీ_రావు
జనరేటర్ వెయ్యి డాలర్లకి వస్తుందండీ. దానికోసం ట్రక్కు ఎంచుకోనక్కర్లేదు.

హరిత_హ్యూస్టన్
వస్తుంది. తుఫాను ముందు రోజు మాత్రం ఏ షాపులోనూ దొరకదు. దొరికినా అది గ్యారేజీలో ఏడాదంతా పడుంటుంది, అవసరమైన రోజు కార్బురేటర్ పట్టేసి ఉంటుంది. మా జనరేటర్ అదే చేసింది.

సిరిసిల్ల_శీను
గోపన్నా, నేను డియర్‌బోర్న్ దిక్కే ఉంట, రాప్టర్ తయారయ్యే ఊరు. రోజూ లైన్ల కొద్దీ ట్రక్కులు జూస్త. ఒక్క ముచ్చట అడుగుత. కంపోస్టు ఒక్క ట్రిప్పుకి ఎన్ని బస్తాలేస్తవ్?

రేగడి_గోపి
40 పౌండ్ల బస్తాలు, 40 దాకా కావాలి. ఒడిస్సీలో మూడు ట్రిప్పులు.

సిరిసిల్ల_శీను
అయితే విను. 40 బస్తాలంటే 1,600 పౌండ్లు. రాప్టర్ పేలోడ్, అంటే మోసే బరువు, 1,400 దాకా. అండ్ల నువ్వు, నాయిన, వదిన, పిల్లలు గూసుంటే 600 పోయె. మిగిలింది 800, అంటే 20 బస్తాలు. ఎందుకంటవా, ఆ స్ప్రింగులు మెత్తగ ఉంటయి, గాల్లకెగిరి దిగనీకె చేసినయి, బరువు మోయనీకె కాదు. డ్రైవర్ డోర్ తీస్తే పక్కన పసుపు స్టిక్కర్ ఉంటది, ప్రతి బండికి దాని నంబరు దానిదే. ఇంటర్నెట్‌ల ఏమన్న రాయనీ, నువ్వు ఆ స్టిక్కర్ ఫొటో దీస్కో.

అట్లాంటా_కిరణ్
ట్రక్కు అని పేరు పెట్టి 20 బస్తాలా?

కేటీ_రావు
శీను చెప్పింది నిజమే, కానీ లాగే బలం 8,200 పౌండ్లు ఉంది. 5 బై 8 ట్రెయిలర్ ఒకటి కొనుక్కుంటే సరి. పేడ, మట్టి, కంపోస్టు అన్నీ దాంట్లోనే. బెడ్ మీద గీత పడదు, దింపడం కూడా తేలిక, ట్రెయిలర్ నడుమెత్తు కూడా ఉండదు. రాప్టర్ బెడ్ అంచు నా ఛాతీ దాకా వస్తుంది. 40 పౌండ్ల బస్తా అంత ఎత్తు లేపి అవతల వేయడం నలభై దాటాక రోజూ చేసే పని కాదు.

పాతబండ్ల_ప్రసాద్
ఈ తగువు కొత్తది కాదు. 1991లో జీఎంసీ సైక్లోన్ అని వచ్చింది. చిన్న ట్రక్కు, 4.3 లీటర్ల టర్బో వీ6, నాలుగు చక్రాలకీ పవర్, 280 హార్స్‌పవర్. కార్ అండ్ డ్రైవర్ పత్రిక వాళ్ళు క్వార్టర్ మైలు పందెంలో దాన్ని ఫెరారీ 348 పక్కన పెడితే ఫెరారీనే వెనకపడింది. కానీ పేలోడ్ 500 పౌండ్లు. ఉన్న రెండు సీట్లలో మనుషులెక్కితే బెడ్ దాదాపు ఖాళీగా పోవాల్సిందే. 2004లో రామ్ ఎస్‌ఆర్‌టీ-10 వచ్చింది, వైపర్ కారు వీ10 ఇంజిన్ తెచ్చి ట్రక్కులో పెట్టారు, 500 హార్స్‌పవర్. అది 2006తోనే ఆగిపోయింది.

వాటి పక్కన రాప్టర్ చాలా పనికొచ్చే బండి. అయిదుగురు కూర్చుంటారు, లాగుతుంది, మంచులో పోతుంది. ఆ పాతవి ఒక సెకను కోసం ట్రక్కుతనం మొత్తం వదిలేసుకున్నాయి. ఇది పేలోడ్ కొంత ఒదులుకుంది, అంతే. నాకు ఆ బేరం నచ్చింది.

తడ_టు_తిరుపతి
ఇక్కడినుంచి చదువుతున్నా. నాది ఇసుజు వీ-క్రాస్, మా శ్రీసిటీలోనే తయారవుతుంది. 1.9 లీటర్ల డీజిల్, 163 పీఎస్. మీ రాప్టర్ ముందు చిన్నపిల్ల. అయినా 5.3 మీటర్ల పొడవు, తిరుపతి వీధుల్లో తిప్పాలంటే ఇద్దరు దిగి చేతులూపాలి. అయిదు నెలలు చూసి చూసి కొన్నా, మా మావిడితోటకి వర్షాకాలంలో పోగలిగేది ఇదొక్కటే. మావాళ్ళు "ఆటో ట్రాలీ చాలదా?" అన్నారు. ట్రాలీ చాలు. కానీ తోటకి పోవాలనిపించేది ఇది ఉంటేనే. వారానికోసారి పోయేవాణ్ణి, ఇప్పుడు మూడుసార్లు పోతున్నా. చెట్లకీ అది తెలుస్తోంది, ఈ ఏడు కాపు బాగుంది.

రేగడి_గోపి
మీరు చెప్పింది నా మనసులో మాట. బండి మీద ఇష్టంతో పొలం పనీ జరుగుతుందని నేనూ అంటే మా ఆవిడ నమ్మట్లేదు.

రాజీ_ఆస్టిన్
రివియన్ ఆర్1టీ చూడండి, ఎలక్ట్రిక్ ట్రక్కు. సరదా, పని రెండూ ఉన్నాయి, గ్యాసు లేదు. సీట్ల వెనక అడ్డంగా ఒక సొరంగంలాంటి అర ఉంటుంది, పారలూ పైపులూ దాంట్లో పెట్టేస్తా. బెడ్ మాత్రం నాలుగున్నర అడుగులే. ట్రెయిలర్ కడితే రేంజి (ఒక ఛార్జికి పోయే దూరం) సగానికి పడుతుంది, అది ముందే తెలిసి కొన్నా.

సొంతకంపెనీ_సురేష్
6,000 పౌండ్లు దాటిన బండి కదా, ట్యాక్సుల్లో సెక్షన్ 179 కింద మొత్తం వ్యాపార ఖర్చుగా రాసేసుకోవచ్చు. సగం గవర్నమెంటే కట్టినట్టు.

లెక్కల_మాస్టారు
సురేష్ గారూ, ఇలాంటి మాట నమ్మే చాలామంది నోటీసులు తెచ్చుకుంటున్నారు. గోపి గారు జీతం మీద ఉన్నవారైతే అసలు వర్తించదు. సొంత వ్యాపారం ఉన్నా, సగానికి పైగా వ్యాపారానికి వాడాలి. పైగా ఆ సెక్షన్ 179 కింద మొత్తం రాసుకోవాలంటే బెడ్ లోపల కనీసం 6 అడుగులుండాలి, రాప్టర్‌ది అయిదున్నర. అలాంటి వాటికి పరిమితి వేరే ఉంది. మీ సీపీఏని అడక్కుండా ఆ డబ్బు మీద ఆశ పెట్టుకోవద్దు.

ఒడిస్సీ_ఓనర్
నేను గోపి వాళ్ళావిడని. మూడు రోజులుగా ఈ చర్చ నాకు చదివి వినిపిస్తున్నాడు, నాకు నచ్చినవి వదిలేసి. అందుకే అకౌంట్ తెరిచా.

నాకు సరదా మీద కోపం లేదు. ఆయన పదేళ్లుగా నైట్ షిఫ్ట్ కాల్స్ చేసి, అప్పులు తీర్చి, తనకంటూ ఏమీ కొనుక్కోలేదు. అది నాకు తెలుసు. నా భయాలు వేరు. ఒకటి, వడగళ్లు. మార్చి నుంచి జూన్ దాకా ఈ ఊళ్లో బండి బయట ఉంటే ఏమవుతుందో అందరికీ తెలుసు. ఎఫ్-150 బాడీ అల్యూమినియం, సొట్టలు తీయడానికి ఎక్కువ అడుగుతారని మా పక్కింటాయన చెప్పాడు. కాబట్టి బండి గ్యారేజీలో పట్టాలి. మా గ్యారేజీ లోతు 19 అడుగుల 8 అంగుళాలు, గోడకి రెండో ఫ్రిజ్, దానిమీద గ్రైండర్. రెండు, అత్తయ్యగారి మోకాళ్లు. అంత ఎత్తు చీరతో ఎలా ఎక్కుతారు? మూడు, ఆ బండి నేను నడపలేకపోతే అది ఇంటి బండి కాదు, ఆయన బండి. అప్పుడు ఒడిస్సీ నామీదే పడుతుంది, కంపోస్టుతో సహా.

హరిత_హ్యూస్టన్
మూడోది వంద శాతం కరెక్ట్. ఇక్కడ మగవాళ్ళెవరూ అడగలేదు చూశారా.

లెక్కల_మాస్టారు
అమ్మా, గ్యారేజీ విషయంలో ఒక అంకె. రాప్టర్ పొడవు 232.6 అంగుళాలు. మామూలు ఎఫ్-150 నాలుగు తలుపులది 231.7. తేడా అంగుళం కూడా లేదు. మీ 19 అడుగుల 8 అంగుళాలంటే 236. ఏది కొన్నా ఫ్రిజ్ జరగాల్సిందే. మావరిక్ అయితే 199.7, ఫ్రిజ్ ఉన్నచోటే ఉంటుంది. గ్యారేజీ ప్రశ్న రాప్టర్‌దా పవర్‌బూస్ట్‌దా అన్నది కాదు, పెద్ద ట్రక్కా చిన్న ట్రక్కా అన్నది.

సిరిసిల్ల_శీను
మాస్టారు టేపు పట్టుకుంటే ఎవ్వరూ ఆగరు.

ప్రాస్పర్_పవన్
ఇన్నాళ్ళూ చదువుతూ కూర్చున్నా. నాకు 2022 రాప్టర్ ఉంది, 35 అంగుళాల టైర్లు. మీ ఇంటికి పావుగంట దూరం. శనివారం అందరూ రండి, అమ్మగారితో సహా. పొలానికి నా బండిలోనే పోదాం, మేడమ్ నడుపుతారు. అందరం మాటలు చెప్పడమే గానీ ఎక్కి చూసిందెవరు?

రేగడి_గోపి
పవన్ గారూ, నిజంగానా? మెసేజ్ పెట్టాను.

కేటీ_రావు
పవన్, ఇలాంటివాళ్ళ వల్లే ఈ గ్రూపులో ఉన్నా. గోపీ, ఆదివారం వచ్చి రాయకపోతే ఊరుకోం.

రేగడి_గోపి
వెళ్ళొచ్చాం. కొంచెం వివరంగా రాస్తా.

గురువారం, శుక్రవారం వాన పడింది. మా పొలానికి చివరి అర మైలు మట్టిదారి. ఇక్కడి నేల మన రేగడే, అచ్చం అదే నలుపు. నాన్న దిగి ఒక ముద్ద చేతిలోకి తీసుకుని, వేళ్ల మధ్య నలిపి, "కారంపూడి మట్టి గాదంట్రా ఇది?" అన్నాడు. ఆయన పోవద్దన్నాడు, రేగడి తడిస్తే ఒకరోజు ఆరనివ్వాలని. పవన్ గారు నాలుగు చక్రాలకీ పవర్ వేసి నిదానంగా పోనిచ్చారు. బండి పోయింది. కానీ టైర్ల గాళ్లన్నీ మట్టితో పూడిపోయి నున్నటి బూరెల్లా అయ్యాయి, రెండుచోట్ల పక్కకి జారింది. దిగాక నాన్న కర్ర పుల్లతో చక్రాలకి పట్టిన మట్టి గీకుతూ అరగంట కూర్చున్నాడు. రాప్టర్ కింద 12 అంగుళాల ఖాళీ ఉంది కాబట్టి వచ్చాం. మావరిక్ అయితే మధ్యలో పొట్ట ఆనేది, ఆ మాట మా ఆవిడే అంది.

అమ్మ మొదటిసారి ఎక్కలేకపోయింది. కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుంటే రెండో చేయి హ్యాండిల్‌కి అందలేదు. పవన్ గారి భార్య మడతపెట్టే ప్లాస్టిక్ స్టూలు తెచ్చారు, వాళ్ళత్తగారి కోసం బెడ్‌లోనే ఉంచుతారట. దాంతో ఎక్కింది. కూర్చున్నాక, "బస్సులో డ్రైవరు పక్క సీటులా ఉంది, అన్నీ కనపడుతున్నాయి" అంది. దారంతా ఏ ఊళ్లో ఏ పంటుందో చెబుతూనే ఉంది. ఒడిస్సీలో ఎప్పుడూ నిద్రపోయేది.

వచ్చేటప్పుడు మా ఆవిడ నడిపింది. మొదటి పది నిమిషాలు మాటల్లేవు. తర్వాత ఒక పాత రైలు పట్టాల దగ్గర, ఒడిస్సీలో అయితే నిలిపి దాటించే చోట, ఆగకుండా పోనిచ్చింది. బండి కదిలినట్టే లేదు. నా వంక చూడలేదు గానీ, నవ్వింది.

ప్రాస్పర్_పవన్
మేడమ్ నాకంటే బాగా నడిపారు. గీతల మధ్య ఒకేసారికి పెట్టేశారు.

ఒడిస్సీ_ఓనర్
నడిపాను కాబట్టి చెప్తున్నా. పవర్‌బూస్ట్ కూడా నడిపాం సోమవారం. మంచి బండి, హరిత గారి కరెంటు మాట ఇంకా నా బుర్రలో ఉంది. కానీ మట్టిదారి మాకు వారం వారం ఉంది, తుఫాను ఎప్పుడో. రాప్టర్‌కి ఒప్పుకున్నా. ట్రెయిలర్, జనరేటర్ రెండూ దాంతోపాటే రావాలి, ఆ మిగిలిన 8 వేలలోంచి.

హరిత_హ్యూస్టన్
జనరేటర్‌ని నెలకోసారి పది నిమిషాలు నడపండి. క్యాలెండర్‌లో పెట్టుకోండి.

రేగడి_గోపి
ఆ 58 వేలది మంగళవారమే వేరేవాళ్ళు కొనేశారు. ఇంకో డీలర్ దగ్గర 41 వేల మైళ్లది దొరికింది, 57 అన్నాడు. తీరా కాగితాలు చూస్తే ఏదో ప్యాకేజీ పేరుతో 2,400 కలిపాడు. లేచి వచ్చేశాం, సాయంత్రం ఫోన్ చేసి తీసేశాడు. స్టిక్కర్ ఫొటో తీశా శీనన్నా, 1,370 ఉంది. డిపాజిట్ కట్టాం, గురువారం తెచ్చుకుంటాం.

సిరిసిల్ల_శీను
మస్తు. 1,370 అంటే బస్తాలు ఇంక తక్వనే. ట్రెయిలర్ మర్వకు.

కేటీ_రావు
ఫ్రిజ్ సంగతేంటి?

రేగడి_గోపి
లాండ్రీ గదిలోకి వెళ్లింది. గ్రైండర్ మెట్ల కింద. ఇంక గోడకీ బంపర్‌కీ మధ్య మూడున్నర అంగుళాలు మిగులుతుంది. నాన్న పొద్దున టేపుతో కొలిచి, గ్యారేజీ కప్పుకి దారం కట్టి టెన్నిస్ బంతి ఒకటి వేలాడదీశాడు. ముందద్దానికి బంతి తగలగానే ఆపాలట.